భాగం - 9 : ఇంజన్ ట్యూనింగ్ - ఖర్చుకు తగిన ఫలితం ఉందా?

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ట్యూనింగ్ అంటే ఏమిటి?
9.3 ఇంజన్ రకాన్ని బట్టి ఫలితం
9.4 అదనపు సామర్థ్యం ఎక్కడ ఉపయోగపడుతుంది?
9.5 ఖర్చు తిరిగి రావడానికి ఎన్ని కిలోమీటర్లు?
9.6 ముందు సర్వీసు, తరువాత ట్యూనింగ్
9.7 బిల్లులో కనిపించని ఖర్చులు
9.8 ఫలితాన్ని కొలవడం
9.9 నిర్ణయం తీసుకొనే క్రమం
9.10 సారాంశం
9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు
9.12 ప్రగతి ప్రశ్నలకు జవాబులు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ఇంజన్ ట్యూనింగ్‌లో ఏయే అంశాలు మారతాయో వివరించగలుగుతారు.
• టార్క్‌కు, సామర్థ్యానికి ఉన్న సంబంధాన్ని లెక్క ద్వారా చూపగలుగుతారు.
• ట్యూనింగ్‌కు పెట్టిన డబ్బు ఎన్ని కిలోమీటర్లకు తిరిగి వస్తుందో లెక్కించగలుగుతారు.
• సర్వీసు వల్ల వచ్చిన లాభాన్ని, ట్యూనింగ్ వల్ల వచ్చిన లాభాన్ని వేరు చేయగలుగుతారు.
• చట్టపరమైన, సాంకేతికపరమైన నష్టభయాలను నిర్ణయంలోకి తీసుకోగలుగుతారు.

9.1 పరిచయం

ఒక టాక్సీ యజమాని దగ్గర పాత డీజిల్ కారు ఉంది. నెలకు 4,000 కిలోమీటర్లు తిరుగుతుంది. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, బండి మరమ్మతులు అన్నీ దాని సంపాదన మీదే. "పాతిక వేలు పెడితే బండి పికప్ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది" అని ఒక షెడ్డులో అతనికి చెప్పారు. తోటి డ్రైవర్లలో ఒకరు "చేయించాను, బండి దూసుకుపోతోంది" అంటే, ఇంకొకరు "ఆరు నెలలకే క్లచ్ పోయింది" అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ ఇద్దరి మాటల వల్లా అతనికి నిర్ణయం తేలదు.

ఇటువంటి ప్రశ్నకు అనుభవం ఒక్కటే చాలదు, లెక్క కావాలి. ఇంజన్‌లో జరిగే మార్పు ఏమిటి, ఆ మార్పు మన వాడకంలో ఎంతవరకు ఉపయోగపడుతుంది, దానికి మొత్తం ఎంత ఖర్చవుతుంది అన్న మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు రాబట్టాలి. ఈ భాగంలో ఆ పని చేద్దాం. ఇందులోని ధరలు, మైలేజీలు లెక్క నేర్చుకోవడానికి ఊహించినవి. మీరు మీ బండి అంకెలను వాటి స్థానంలో పెట్టుకోవాలి.

9.2 ట్యూనింగ్ అంటే ఏమిటి?

పూర్వం ట్యూనింగ్ అంటే కార్బురేటర్ స్క్రూ సరిచేయడం, స్పార్క్ ప్లగ్ గ్యాప్ చూడడం, టైమింగ్ సరిపెట్టడం. వాటి ఉద్దేశం ఇంజన్‌ను కంపెనీ చెప్పిన స్థితికి తిరిగి తీసుకురావడం. ఇప్పుడు ట్యూనింగ్ అప్‌గ్రేడ్ అంటున్నది వేరు. ఇంజన్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ యూనిట్‌లో ఉండే పట్టికలను మార్చి, కంపెనీ పెట్టిన హద్దులను దాటించడం. దీన్నే రీమ్యాపింగ్ అంటారు. మొదటిది ఆరోగ్యాన్ని తిరిగి ఇచ్చే వైద్యం. రెండవది ఆరోగ్యంగా ఉన్నవాడి చేత ఎక్కువ బరువు మోయించడం.

డీజిల్ ఇంజన్‌లో రీమ్యాపింగ్ వల్ల ప్రధానంగా ఇంధన పరిమాణం, ఇంజెక్షన్ సమయం, ఇంజెక్షన్ పీడనం, టర్బో ఇచ్చే గాలి పీడనం మారతాయి. పెట్రోల్ ఇంజన్‌లో స్పార్క్ సమయం, గాలి-ఇంధన నిష్పత్తి, టర్బో ఉంటే దాని పీడనం మారతాయి.

మరి కంపెనీయే ఈ అదనపు సామర్థ్యాన్ని ఎందుకు ఇవ్వలేదు? తయారీదారు ఒకే ఇంజన్‌ను ఎండలో, చలిలో, కొండల మీద, నాసిరకం ఇంధనంతో, సర్వీసు సరిగా చేయించని యజమాని చేతిలో కూడా నడిచేలా రూపొందించాలి. ఉద్గారాల ప్రమాణాలను అందుకోవాలి. వారంటీ కాలంలో భాగాలు చెడిపోకూడదు. అందుకే కొంత మార్జిన్ వదిలిపెడతారు. ట్యూనింగ్ చేసేవారు ఈ మార్జిన్ నుంచే కొంత తీసి మనకు అమ్ముతారు. అది ఎక్కడినుంచో కొత్తగా పుట్టుకొచ్చిన శక్తి కాదు.

టార్క్ - సామర్థ్యం

ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్‌ను తిప్పే బలం టార్క్. ఆ పని ఎంత వేగంగా జరుగుతుందో తెలిపేది సామర్థ్యం. వీటి సంబంధం:

సామర్థ్యం (కిలోవాట్లు) = టార్క్ (న్యూటన్ మీటర్లు) × నిమిషానికి భ్రమణాలు ÷ 9,550

మన దేశంలో ఎన్నో కార్లలో వాడిన ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజన్‌ను తీసుకుందాం. దీని ఘనపరిమాణం 1,248 ఘన సెంటీమీటర్లు. 75 పీఎస్ రకంలో 2,000 భ్రమణాల దగ్గర గరిష్ఠ టార్క్ 190 న్యూటన్ మీటర్లు. ఆ వేగం దగ్గర సామర్థ్యం 190 × 2,000 ÷ 9,550 = సుమారు 40 కిలోవాట్లు. గరిష్ఠ సామర్థ్యమైన 75 పీఎస్, అంటే సుమారు 55 కిలోవాట్లు, 4,000 భ్రమణాల దగ్గర వస్తుంది. అక్కడ టార్క్ సుమారు 132 న్యూటన్ మీటర్లకు పడిపోతుంది. కాబట్టి "ఇన్ని పీఎస్ పెరుగుతుంది" అన్న ఒక్క అంకె చాలదు. ఎన్ని భ్రమణాల దగ్గర పెరుగుతుందో అడగాలి. 4,000 భ్రమణాల వరకు ఎప్పుడూ తిప్పని డ్రైవరుకు అక్కడ పెరిగిన సామర్థ్యం వల్ల ఉపయోగం లేదు.

9.3 ఇంజన్ రకాన్ని బట్టి ఫలితం

ఇంజన్ కాల్చగలిగే ఇంధనం, అది పీల్చగలిగే గాలిని బట్టి ఉంటుంది. పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక కిలో ఇంధనానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌లో సిలిండర్‌లోకి వచ్చే గాలిని సాఫ్ట్‌వేర్ పెద్దగా పెంచలేదు. స్పార్క్ సమయంలో చిన్న సవరణలే మిగులుతాయి. అందువల్ల ఇటువంటి ఇంజన్‌కు రీమ్యాపింగ్ వల్ల వచ్చే లాభం స్వల్పం.

టర్బో ఉన్న ఇంజన్‌లో గాలి పీడనాన్ని పెంచవచ్చు. గాలి పెరిగితే ఇంధనమూ పెంచవచ్చు. అందుకే ట్యూనింగ్ గురించి పెద్ద పెద్ద అంకెలు వినిపించేది ఎక్కువగా టర్బో ఇంజన్ల విషయంలోనే.

అయితే ఇక్కడ ఒక విషయం గమనించాలి. పైన చెప్పిన మల్టీజెట్ ఇంజన్‌నే కంపెనీ 90 పీఎస్ రకంగా కూడా అందించింది. ఘనపరిమాణం అదే. సామర్థ్యం 20 శాతం ఎక్కువ. కానీ ఆ రకంలో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చలేదు. వేరియబుల్ జామెట్రీ టర్బోను కూడా అమర్చింది. తక్కువ వేగంలోనూ, ఎక్కువ వేగంలోనూ తగినంత గాలి అందించడానికి యంత్రభాగమే మారింది. 75 పీఎస్ కారును సాఫ్ట్‌వేర్‌తోనే 90కి తీసుకువెళతామని ఎవరైనా చెబితే, కంపెనీ భాగాలు మార్చి చేసిన పనిని భాగాలు మార్చకుండా చేస్తున్నారని అర్థం. ఆ తేడా భారం టర్బో, క్లచ్, పిస్టన్ల మీద పడుతుంది.

పెట్రోల్ టర్బో ఇంజన్ల విషయంలో ఇంకొక ప్రశ్న అడగాలి. కొత్త పట్టికలు సాధారణ పెట్రోల్‌కు రాసినవా, ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోల్‌కు రాసినవా? రెండవదైతే ప్రతి లీటరుకూ అదనపు ధర చెల్లించాలి. అది ఒకసారి పెట్టి మరిచిపోయే ఖర్చు కాదు, బండి ఉన్నన్నాళ్లూ సాగే ఖర్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

1. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌లో రీమ్యాపింగ్ వల్ల లాభం ఎందుకు తక్కువ?
2. ఒక ఇంజన్ 1,750 భ్రమణాల దగ్గర 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, అక్కడ సామర్థ్యం ఎంత?

9.4 అదనపు సామర్థ్యం ఎక్కడ ఉపయోగపడుతుంది?

ప్రయాణికులతో, సామానుతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు సమతలమైన రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల స్థిర వేగంతో పోతోంది అనుకుందాం. టైర్ల నిరోధం, గాలి నిరోధం కలిపి జయించడానికి చక్రాల దగ్గర సుమారు 9 కిలోవాట్లు చాలు. మనం తీసుకున్న ఇంజన్ గరిష్ఠ సామర్థ్యం 55 కిలోవాట్లు. అంటే హైవే మీద నిలకడగా పోయేటప్పుడు ఉన్న సామర్థ్యంలో ఆరో వంతు మాత్రమే పనిలో ఉంది. మిగిలిన అయిదు వంతులు ఖాళీగా ఉండగా, ఇంకొంత కొన్నందువల్ల ప్రయాణం మారదు.

ఘాట్ రోడ్డు సంగతి చూద్దాం. 20 మీటర్లు పోతే 1 మీటరు ఎత్తు ఎక్కే రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి, అన్ని నిరోధాలూ కలిపి చక్రాల దగ్గర సుమారు 11 కిలోవాట్లు కావాలి. ఇది కూడా ఇంజన్ శక్తికి మించినది కాదు. మరి ఎత్తులో బండి "లాగడం లేదు" అని ఎందుకు అనిపిస్తుంది? చాలాసార్లు కారణం గేరు. 1,500 భ్రమణాల కంటే తక్కువ వేగంలో టర్బోకు తగినంత ఎగ్జాస్ట్ వాయువు అందదు. అప్పుడు మూడో గేరులో ఈడ్చుకుపోతూ ఉంటే బండి లాగదు. రెండో గేరుకు దిగితే ఇంజన్ భ్రమణాలు పెరుగుతాయి, టర్బో అందుకుంటుంది. ఈ ట్యూనింగ్‌కు ఖర్చు లేదు.

అదనపు సామర్థ్యం నిజంగా తెలిసేది వేగం పెంచేటప్పుడు. అదే కారు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి చేరడానికి గతిశక్తిలో సుమారు 162 కిలోజౌళ్లు పెరగాలి. చక్రాల దగ్గర సగటున 34 కిలోవాట్లు అందుతున్నాయనీ, అందులో 7 కిలోవాట్లు నిరోధాలకే పోతాయనీ అనుకుంటే, మిగిలిన 27 కిలోవాట్లతో 6 సెకన్లు పడుతుంది. ట్యూనింగ్ వల్ల 34 కాస్తా 20 శాతం పెరిగి 41 అయితే, వేగం పెంచడానికి మిగిలేది 34. అప్పుడు 4.8 సెకన్లు చాలు. అంటే ప్రతి ఓవర్‌టేక్‌లో సెకను పైచిలుకు కలిసివస్తుంది. రెండు లేన్ల రోడ్డు మీద తరచూ లారీలను దాటే వారికి ఇది విలువైనదే. రోజంతా నగర ట్రాఫిక్‌లో తిరిగే వారికి ఆ అవకాశమే రాదు.

9.5 ఖర్చు తిరిగి రావడానికి ఎన్ని కిలోమీటర్లు?

ఇంధన పొదుపు కోసం ట్యూనింగ్ చేయించాలనుకుంటే లాభనష్టరహిత బిందువును లెక్కించాలి. పెట్టిన ఖర్చుకు, వచ్చిన పొదుపుకు సరిపోయే దూరమే ఆ బిందువు.

కిలోమీటరుకు పొదుపు = (ఇంధన ధర ÷ పాత మైలేజీ) − (ఇంధన ధర ÷ కొత్త మైలేజీ)

లాభనష్టరహిత దూరం = మొత్తం ఖర్చు ÷ కిలోమీటరుకు పొదుపు

ఉదాహరణ 1: మన టాక్సీ యజమాని కారు లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తోంది. డీజిల్ ధర లీటరు రూ. 100. ట్యూనింగ్ ఖర్చు రూ. 25,000. మైలేజీ 5 శాతం పెరిగి 18.9 అవుతుందని హామీ.

పాత ఖర్చు: 100 ÷ 18 = రూ. 5.556
కొత్త ఖర్చు: 100 ÷ 18.9 = రూ. 5.291
కిలోమీటరుకు పొదుపు: సుమారు 26.5 పైసలు
లాభనష్టరహిత దూరం: సుమారు 94,500 కిలోమీటర్లు

నెలకు 4,000 కిలోమీటర్లు తిరిగే అతనికి ఇది దాదాపు 24 నెలలు. అదే కారు సొంతానికి వాడుతూ నెలకు 800 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి 118 నెలలు, అంటే దాదాపు పదేళ్లు. ఒకే ట్యూనింగ్, ఒకే ధర, ఒకే ఫలితం. అయినా ఒకరికి ఆలోచించదగినది, ఇంకొకరికి పొదుపు పేరుతో ఎంతమాత్రం సమర్థించుకోలేనిది.

ఇప్పుడు హామీ ఇచ్చిన 5 శాతం బదులు 2 శాతమే వచ్చిందనుకోండి. కొత్త మైలేజీ 18.36. లాభనష్టరహిత దూరం 2,29,500 కిలోమీటర్లకు పెరుగుతుంది. టాక్సీకి కూడా 57 నెలలు పడుతుంది. మైలేజీ అంచనాలో మూడు శాతం తేడా నిర్ణయాన్నే తలకిందులు చేసింది. అందువల్ల ఈ లెక్కను ఎప్పుడూ రెండుసార్లు చేయాలి: ఒకటి అమ్మేవారు చెప్పిన అంకెతో, ఇంకొకటి దానిలో సగం కన్నా తక్కువ అంకెతో.

డబ్బుకు వడ్డీ కూడా ఉంటుంది. ఆ పాతిక వేలను ఏడాదికి 12 శాతం వడ్డీకి అప్పు తెచ్చి, నెలనెలా వచ్చే రూ. 1,058 పొదుపుతో తీరుస్తూ పోతే, 24 నెలలు కాస్తా 27 నెలలవుతాయి. అప్పు తేకుండా సొంత డబ్బే పెట్టినా, దాన్ని వేరొకచోట వాడుకొనే అవకాశం వదులుకున్నట్లే. దీన్నే అవకాశ వ్యయం అంటారు.

9.6 ముందు సర్వీసు, తరువాత ట్యూనింగ్

ట్యూనింగ్ గురించి వినిపించే గొప్పల్లో చాలావాటికి మూలం ఒక పొరపాటు. పాత మైలేజీని బండి అనారోగ్యంగా ఉన్నప్పుడు కొలవడమే ఆ పొరపాటు.

ఉదాహరణ 2: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి, టైర్లలో గాలి తగ్గి, ఇంజెక్టర్లు శుభ్రం చేయక ఆ కారు 16.5 కిలోమీటర్లే ఇస్తోంది. షెడ్డులో రూ. 4,000తో సర్వీసు, రూ. 25,000తో రీమ్యాపింగ్ ఒకే రోజు చేశారు. మైలేజీ 18.9కి చేరింది. యజమాని చూసేది 2.4 కిలోమీటర్ల పెరుగుదల, అంటే 14.5 శాతం. ఈ ఘనత అంతా రీమ్యాపింగ్‌కు కట్టబెడతాడు.

విడదీసి చూస్తే, సర్వీసు ఒక్కదానితోనే మైలేజీ 18కి వచ్చి ఉండేది. దాని వల్ల కిలోమీటరుకు సుమారు 50 పైసల పొదుపు. రూ. 4,000 తిరిగి రావడానికి దాదాపు 7,920 కిలోమీటర్లు, అంటే రెండు నెలలు. మిగిలిన 0.9 కిలోమీటర్లే రీమ్యాపింగ్ ఫలితం. దానికి రెండేళ్లు. కాబట్టి ఏ అప్‌గ్రేడ్‌నైనా పాడైపోయిన స్థితితో కాకుండా, సర్వీసు చేయించిన స్థితితో పోల్చాలి.

దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. అరిగిన క్లచ్, కారుతున్న ఇంజెక్టర్, లీకవుతున్న టర్బో గొట్టం ఉన్న ఇంజన్‌కు భారం పెంచితే, మామూలుగా మరికొంతకాలం నడిచే భాగం కూడా ముందే పోతుంది.

9.7 బిల్లులో కనిపించని ఖర్చులు

(అ) భాగాల అరుగుదల: క్లచ్ ఒక నిర్దిష్టమైన టార్క్‌ను మాత్రమే జారకుండా అందించగలదు. టార్క్ ఆ హద్దు దాటితే ప్లేట్ జారి వేడెక్కి అరుగుతుంది. క్లచ్ మార్చడానికి రూ. 15,000 అవుతుందనీ, ట్యూనింగ్ వల్ల ముందుగానే మార్చవలసి వచ్చే అవకాశం అయిదింట ఒకటి అనీ అనుకుందాం. అప్పుడు ఆశించదగిన నష్టం 15,000 ÷ 5 = రూ. 3,000. దాన్ని అసలు ఖర్చుకు కలిపితే రూ. 28,000. లాభనష్టరహిత దూరం సుమారు 1,05,800 కిలోమీటర్లకు పెరుగుతుంది. సగటు లెక్క ఇది. ఆ ఒక్కరూ మనమే అయితే, ఒక్కసారే రూ. 15,000తో పాటు బండి ఆగిన రోజుల సంపాదన కూడా పోతుంది. ఆ దెబ్బ తట్టుకోగల స్థోమత ఉందా అన్నది కూడా నిర్ణయంలో భాగమే.

(ఆ) ఉద్గారాలు: డీజిల్ ఇంజన్‌లో గాలికి మించి ఇంధనం పోస్తే నల్లపొగ వస్తుంది. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత పెరుగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలకు తయారైన డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసి పెరిగితే అది త్వరగా నిండుతుంది. ఆ ఫిల్టర్‌ను తీసేస్తామని ఎవరైనా చెబితే అది ట్యూనింగ్ కాదు, కాలుష్య నియంత్రణను తొలగించడం.

(ఇ) చట్టం: మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నంగా ఉండేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను నొక్కి చెప్పింది. అనుమతి లేని మార్పులకు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ విధించవచ్చు. మార్పు చేయించక ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

(ఈ) వారంటీ, బీమా: వారంటీలో ఉన్న కారుకు రీమ్యాపింగ్ చేయిస్తే, ఇంజన్ సంబంధమైన మరమ్మతులకు కంపెనీ వారంటీని నిరాకరించవచ్చు. బీమా సంస్థకు తెలియజేయని మార్పు, ప్రమాదం తరువాత క్లెయిమ్ దగ్గర వివాదానికి దారితీయవచ్చు. పాలసీ నిబంధనలను ముందే చదవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

3. ఒక సొంత కారు మైలేజీ 15 నుంచి 15.75కి పెరుగుతుంది. ఇంధన ధర రూ. 110, ఖర్చు రూ. 30,000. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే ఖర్చు ఎన్ని నెలలకు తిరిగి వస్తుంది?

9.8 ఫలితాన్ని కొలవడం

డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ ఒక అంచనా మాత్రమే. నమ్మదగిన పద్ధతి ట్యాంకు నుంచి ట్యాంకుకు కొలవడం. ట్యాంకు నిండా పోయించి, ఓడోమీటర్ అంకె రాసుకోవాలి. మళ్లీ పోయించేటప్పుడు వీలైనంతవరకు అదే బంకులో నిండా పోయించి, ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకోవాలి. ఇలా ట్యూనింగ్‌కు ముందు కనీసం అయిదుసార్లు, తరువాత అయిదుసార్లు కొలిచి, మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతో భాగించాలి. ముందు అయిదు అంకెల మధ్యనే 5 శాతం తేడా కనిపిస్తే, 2 శాతం పెరుగుదలను గుర్తించడం సాధ్యం కాదని తెలుసుకోవాలి.

సామర్థ్యాన్ని డైనమోమీటర్ మీద కొలుస్తారు. ముందు, తరువాత రెండు కొలతలూ అదే యంత్రం మీద, అదే రోజు తీసినవై ఉండాలి. చక్రాల దగ్గర కొలిచిన అంకెను కంపెనీ చెప్పిన ఇంజన్ అంకెతో పోల్చకూడదు. మధ్యలో గేర్‌బాక్స్ నష్టాలుంటాయి.

బండి చురుగ్గా అనిపించడం కొలత కాదు. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కగానే ఎక్కువగా స్పందించేలా చేసినా, గరిష్ఠ సామర్థ్యం పెరగకుండానే అదే అనుభూతి వస్తుంది. పైగా చురుకుదనం వచ్చిన బండిని మరింత తొక్కాలనిపిస్తుంది. లెక్కలో వచ్చిన పొదుపు అలా పాదం కిందే పోతుంది.

9.9 నిర్ణయం తీసుకొనే క్రమం

1. అవసరాన్ని ఒక వాక్యంలో రాయండి: మైలేజీ కోసమా, ఓవర్‌టేకింగ్ కోసమా, సరదా కోసమా?
2. పూర్తి సర్వీసు చేయించి, మైలేజీ కొలవండి. సమస్య తీరిపోతే అక్కడితో ఆగండి.
3. ఇంజన్ రకం చూడండి. టర్బో లేకపోతే ఆశలు తగ్గించుకోండి.
4. చట్టం, వారంటీ, బీమా అడ్డు వస్తే తరువాతి లెక్కలు అనవసరం.
5. వడ్డీ, నష్టభయం కలిపి లాభనష్టరహిత దూరం లెక్కించండి. దాన్ని మీరు ఆ బండిని ఇంకా ఎంతకాలం ఉంచుకుంటారన్న దానితో పోల్చండి.
6. పాత పట్టికలను భద్రపరిచి, కావాలంటే తిరిగి వేస్తామని రాతపూర్వకంగా ఇస్తారేమో అడగండి.

సరదా కోసం చేయించుకోవడం తప్పేమీ కాదు. అయితే దాన్ని పెట్టుబడిగా కాక ఖర్చుగా రాసుకోవాలి. పొదుపు అని పేరు పెట్టి సరదా కొనుక్కుంటేనే చిక్కు.

మన టాక్సీ యజమాని విషయానికి వద్దాం. అతను బండిని ఇంకో ఏడాదిన్నరలో అమ్మేయాలనుకుంటున్నాడు. మంచి అంచనాతోనే ఖర్చు తిరిగి రావడానికి రెండేళ్లు పైగా పడుతుంది. కాబట్టి అతను నాలుగు వేలతో సర్వీసు చేయించి, మిగిలిన డబ్బును టైర్లకు, బీమాకు ఉంచుకోవడం సరైన నిర్ణయం. బండి కొత్తదై, అయిదేళ్లు ఉంచుకొనేదైతే జవాబు మారవచ్చు. లెక్క చేసే పద్ధతి మాత్రం మారదు.

9.10 సారాంశం

ట్యూనింగ్ అప్‌గ్రేడ్ అంటే తయారీదారు వదిలిన మార్జిన్‌లో కొంత వాడుకోవడం. టర్బో ఇంజన్లలో ఫలితం ఎక్కువ, టర్బో లేని పెట్రోల్ ఇంజన్లలో స్వల్పం. నిలకడ ప్రయాణంలో అదనపు సామర్థ్యం అక్కరకు రాదు. వేగం పెంచేటప్పుడే తెలుస్తుంది. ఖర్చు తిరిగి రావడం నెలకు తిరిగే దూరం మీద, నిజంగా పెరిగిన మైలేజీ మీద ఆధారపడుతుంది. సర్వీసు చేయించిన స్థితినే పోలికకు ఆధారంగా తీసుకోవాలి. భాగాల అరుగుదల, చట్టం, వారంటీ, బీమా కూడా ఖర్చులోకి వస్తాయి.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. ట్యూనింగ్‌కు పెట్టే ఖర్చు సమంజసమో కాదో నిర్ణయించే క్రమాన్ని ఉదాహరణతో వివరించండి.
2. ట్యూనింగ్ వల్ల కలిగే పరోక్ష ఖర్చులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. సర్వీసు, ట్యూనింగ్ ఫలితాలను ఎందుకు విడదీయాలి?
2. ట్యాంకు నుంచి ట్యాంకుకు మైలేజీ కొలిచే పద్ధతిని తెలపండి.
3. మీకు తెలిసిన ఒక వాహనం అంకెలతో లాభనష్టరహిత దూరాన్ని లెక్కించండి.

9.12 ప్రగతి ప్రశ్నలకు జవాబులు

1. సిలిండర్‌లోకి వచ్చే గాలిని సాఫ్ట్‌వేర్ పెద్దగా పెంచలేదు కాబట్టి.
2. 200 × 1,750 ÷ 9,550 = సుమారు 36.6 కిలోవాట్లు.
3. కిలోమీటరుకు పొదుపు సుమారు 35 పైసలు. దూరం సుమారు 86,000 కిలోమీటర్లు. 86 నెలలు, అంటే ఏడేళ్లకు పైగా.